లెక్కలో లేనివాళ్లు – 7: సుడిగాలికి గ్రేడు ఎలా ఇస్తారు?



సుడిగాలి వేగాన్ని చాలాసార్లు నేరుగా కొలవరు. అది పోయాక ఏం కూలిందో చూసి, ఇంత కూలిందంటే గాలి ఇంత ఉండాలని అంచనా కడతారు. షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన టెట్సుయా ఫుజిటా 1971లో ఈ పద్ధతి తెచ్చాడు. 2007 నుంచి అమెరికాలో దాని సవరించిన రూపం వాడుతున్నారు. అందులో 28 రకాల ఆనవాళ్లుంటాయి. ఇల్లు, బడి, షాపింగ్ మాల్, కరెంటు స్తంభం, చివరికి చెట్టు కూడా ఉంది. చేనులో పంట లేదు. వాతావరణ శాస్త్రం నా సబ్జెక్టు కాదు గానీ, జాబితాలో ఎవరున్నారు, ఎవరు లేరు అని చదవడం సాహిత్యం నేర్పిన పనే.

2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర 4 కిలోమీటర్లకు పైగా వెడల్పున సుడిగాలి తిరిగింది. 8 మంది చనిపోయారు. వాహనాల మీద తెచ్చిన రాడార్లలో వేగం గంటకు 450 కిలోమీటర్లు దాటింది. మొదట 3 అన్నారు, తర్వాత 5వ గ్రేడు, అంటే అన్నిటికన్నా పెద్దది అన్నారు. కొన్ని నెలలకే మళ్లీ 3కి దించారు. అది ఎక్కువగా పొలాల మీద తిరిగింది, 5 అని రుజువు చేసే కట్టడాలు అక్కడ కూలలేదు. దీన్ని నేను కుట్ర అనను. కూలిన కట్టడాన్ని బట్టే గ్రేడు ఇవ్వాలన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. అదే గాలి ఇవాళ మా తెల్లాపూర్ టవర్ల మీద తిరిగితే పగిలిన ప్రతి అద్దానికీ బిల్లు ఉంటుంది, ఫ్లాటుకి రిజిస్ట్రేషన్, కారుకి ఇన్సూరెన్స్. ఆ టవర్లు కట్టే కూలీల రేకుల షెడ్డుకి ఏ కాగితం ఉంటుంది?

ఇక మన దగ్గరికి వద్దాం. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. వరి కోతల కాలం. అధికారిక లెక్కల్లోనే మృతులు 10 వేలు పైన. డాబాలు ఎక్కగలిగినవాళ్లు చాలామంది బతికారు, మట్టి గోడల గుడిసెలు మనుషులతో సహా కొట్టుకుపోయాయి. వాడ ఎక్కడుంటుందో, డాబా ఎవరిదో మీకు నేను చెప్పక్కర్లేదు. కోతలకు వేరే ఊరి నుంచి వచ్చిన కూలి ఆ ఊరి జాబితాలో ఉండడు. శవం దొరికినా పేరు చెప్పేవాళ్లుండరు. కృష్ణా డెల్టా తుఫానుల మీద పీటర్ వించెస్టర్ 1992లో పుస్తకం వేశాడు. ఎవరు తిరిగి లేచి నిలబడతారన్నది గాలి కంటే ముందే భూమీ డబ్బూ తేలుస్తాయని ఆయన పరిశోధన సారం.

తెలంగాణలో ఈ లెక్క పహాణీ దగ్గర మొదలవుతుంది. పాత పహాణీలో పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు కాలమ్ ఉండేది. కౌలుదారు పేరు అందులో రాయించుకోవడం యుద్ధమే, రాస్తే 1950 కౌలుదారీ చట్టం కింద హక్కు వస్తుందని దొరకు భయం. అయినా కాలమ్ అంటూ ఉండేది. 2020లో ధరణి వచ్చాక అదీ పోయింది.

2023 మార్చిలో వడగళ్లు మక్క, మిర్చి, మామిడి తోటల్ని పడగొట్టాయి. ముఖ్యమంత్రి కేసీఆర్ ఖమ్మం జిల్లాకు వచ్చి ఎకరానికి 10 వేలన్నారు, కౌలు రైతుల్నీ ఆదుకుంటామన్నారు. మంచి మాటే. కానీ కాలమ్ తీసేసిన ప్రభుత్వం కౌలుదారుని ఏ కాగితంలో వెతకాలి? పట్టాదారు సంతకం పెడితేనే అతను కౌలుదారు. సంతకం పెట్టని పట్టాదారు ఊళ్లోనే ఉంటాడు, వచ్చే ఏడు కూడా అతని పొలమే కౌలుకు కావాలి.

కేంద్రం నిబంధన చూడండి. 2015 దాకా పంట సగం పోతేనే నష్టం, ఆ ఏడాది దాన్ని 33 శాతానికి తగ్గించారు. 2022 నిబంధనల్లో వర్షాధార హెక్టారుకు 8,500 రూపాయలు, అదీ 2 హెక్టార్ల దాకా. అంతా హెక్టార్లలోనే. మిర్చి ఏరడానికి వెళ్లే మాదిగామెకి పోయింది నలభై రోజుల కూలి అనుకోండి, దాన్ని పంట నష్టం ఫారంలో ఏ గడిలో రాస్తారు?

విద్యార్థి మిత్రులకి ఒక పని. ఈసారి మీ ఊళ్లో గాలివాన వచ్చి ఏఈఓ పంట నష్టం రాసుకుని వెళ్తే, ఆ జాబితా కాపీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. పట్టాదారు పేరు పక్కన దున్నినవాళ్ల పేరు ఉందో లేదో చూసి, వాడలో కూర్చుని ఆ జాబితా అందరికీ చదివి వినిపించండి. వాళ్లు చెప్పే పేర్లు విడిగా రాసి పెట్టుకోండి.

వచ్చే భాగంలో 1950 చట్టం, రక్షిత కౌలుదార్ల గురించి.