పేరులో నిలిచిపోయిన పొరపాటు

క్లిఫర్డ్ డోబెల్ నాకు మొదట తెలిసింది సైంటిస్టుగా కాదు, జీవితచరిత్రకారుడిగా. సూక్ష్మజీవుల్ని మొట్టమొదట చూసిన డెల్ఫ్ట్ బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ మీద 1932లో ఆయనో పుస్తకం తెచ్చాడు. ఆ పాత ఉత్తరాలు చదవడానికి పనిగట్టుకుని డచ్చి భాష నేర్చుకున్నాడు. 1681లో లేవెన్‌హుక్ తన విరేచనాన్నే లెన్స్ కింద పెట్టి చూసి, అందులో కదులుతున్న చిన్న జీవుల గురించి రాశాడు. అవి ఇవాళ మనం జియార్డియా అంటున్న పరాన్నజీవులేనని, ఆ వర్ణన చదివి గుర్తుపట్టింది డోబెలే.

ఆయన రెండోసారి ఎదురుపడింది నా కడుపునొప్పి పుణ్యాన. కొన్నేళ్ల కిందట నెలల తరబడి నొప్పి, విరేచనాలు. మూడుసార్లు మలపరీక్ష చేయించుకున్నాను. మూడుసార్లూ రిపోర్టులో ఒకటే మాట: పరాన్నజీవులు కనపడలేదు. "మీకేం లేదండీ, సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది మామూలే, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు డాక్టరు గారు. "కనపడలేదు" అన్నది ఏ క్షణాన "లేదు" అయిపోయిందో నాకు అర్థం కాలేదు. లాగ్‌లో ఎర్రర్ రాలేదు కాబట్టి బగ్ లేదు అంటే మా ఆఫీసులో ఎవరూ ఊరుకోరు. ఆ ఉక్రోషంతో చదవడం మొదలుపెట్టి డైయెంటమీబా ఫ్రాజిలిస్ దగ్గర తేలాను.

మొదటి ప్రపంచ యుద్ధకాలం. గల్లిపోలి, ఈజిప్టు నుంచి జిగట విరేచనాలతో వస్తున్న సైనికుల మలాన్ని పరీక్షించే పని బ్రిటిష్ జీవశాస్త్రవేత్తల మీద పడింది. అందరూ వెతుకుతున్నది ఒక్క ప్రమాదకరమైన అమీబా కోసం. ఆ వెతుకులాటలో వేరే జీవులూ బయటపడ్డాయి. 1918లో మార్గరెట్ జెప్స్, డోబెల్ కలిసి వాటిలో ఒకదాన్ని వర్ణించారు. వ్యాసం మీద జెప్స్ పేరే ముందు ఉంటుంది. చాలా కణాల్లో రెండేసి కేంద్రకాలు, ఉండేది పేగులో, చూడ్డానికి అమీబా, ఒంట్లోంచి బయటికొస్తే ఇట్టే చితికిపోతుంది. పేరులో ఈ నాలుగూ ఉన్నాయి. నాలుగింటిలో ఒకటి తప్పు.

ముందు ఆ చితికిపోవడం సంగతి చూద్దాం. బయటికొచ్చిన కొన్ని గంటల్లోనే ఈ కణం ఆకారం పోగొట్టుకుంటుంది. నమూనాని వెంటనే రసాయనంలో వేసి, తర్వాత రంగు పట్టిస్తేగానీ ఆ కేంద్రకాలు తెలియవు. మామూలుగా స్లైడు మీద చుక్క వేసి చూస్తే అదో గుండ్రటి మరక, అంతే. పైగా చాలా పేగు పరాన్నజీవులకి గట్టి పెంకున్న సిస్టు దశ ఉంటుంది, ల్యాబులో వెతికేది ఎక్కువగా దాన్నే. దీనికి అలాంటి దశే లేదని దాదాపు వందేళ్లు నమ్మారు. మనిషి నమూనాల్లో సిస్టులు చూశామని ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించింది 2014లో. అవీ అరుదుగానే.

మరి ఇంత సుకుమారమైన జీవి ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఎలా చేరుతోంది? ఈ ప్రశ్న డోబెల్‌ని వదల్లేదు. 1940లో ఆయన టర్కీ కోళ్లకి జబ్బు తెచ్చే హిస్టోమోనాస్‌కీ దీనికీ దగ్గరి పోలికలున్నాయని గమనించాడు. ఆ హిస్టోమోనాస్ కోడి పేగులోని ఓ పురుగు గుడ్డులో దాక్కుని ప్రయాణిస్తుంది. ఇది కూడా మనిషి పేగు పురుగుల గుడ్లలోనే వెళ్తోందేమో అన్నాడు. 1956లో బరోస్, స్వెర్డ్‌లో అనే ఇద్దరు, తీసేసిన అపెండిక్సుల్ని పరీక్షించి, ఇది ఉన్నచోట పిన్‌వార్మ్ కూడా ఎక్కువగా ఉందని చూపించారు. పిన్‌వార్మ్ అంటే పిల్లల్ని రాత్రిళ్లు దురదతో నిద్రపోనివ్వని తెల్లటి సన్న పురుగు. ఆ పురుగు గుడ్లలో డైయెంటమీబా డీఎన్ఏ దొరికింది 2013లో. డీఎన్ఏ దొరకడం వేరు, అది ఆ గుడ్డులో ప్రాణంతో ప్రయాణించడం వేరు. కానీ అనుమానం మాత్రం బలపడింది.

ఇక పేరులోని తప్పు. 1974లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే తేలిందేమిటంటే, ఇది అమీబాయే కాదు. ట్రైకోమోనాస్ కుటుంబానికి చెందిన, తోకలు పోగొట్టుకున్న జీవి. టర్కీ కోళ్ల పోలిక నిజంగా చుట్టరికమే! కానీ ఒకసారి పెట్టిన శాస్త్రీయ నామాన్ని అర్థం తప్పిందని మార్చరు. అలా ఆ పొరపాటు ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది.

ఇక్కడిదాకా చదివేసరికి నాకు దోషి దొరికేశాడనిపించింది. మొదట్లో దీన్ని హానిలేనిదన్నారు. 1936లోనే హకాన్‌సన్ అనే ఆయన ఇది జబ్బు చేస్తుందని శీర్షికలోనే చెప్పాడు. అయినా పట్టించుకున్నవాళ్లు తక్కువ. కనపడని జీవి, వినపడని రోగి. కథ బాగా కుదిరింది.

అయితే పీసీఆర్ పరీక్ష వచ్చాక కథ తిరగబడింది. డెన్మార్క్‌లో చూస్తే ఇది ఎంతోమంది పిల్లల్లో ఉంది, ఏ బాధా లేనివాళ్లలో కూడా. అక్కడే 2014లో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. కడుపునొప్పి, విరేచనాలతో బాధపడుతూ ఈ జీవి ఉన్న 96 మంది పిల్లల్లో కొందరికి మెట్రోనిడజోల్, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. బాధ తగ్గడంలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాగని కేసు కొట్టేయడానికీ లేదు. ఈ జీవి పోయాక కడుపునొప్పి తగ్గిన రోగుల గురించి డాక్టర్లు ఎన్నోసార్లు రాశారు.

అంటే డాక్టరు గారు "కనపడలేదు"ని "లేదు" చేసినట్టే, నేను "ఉంది"ని "అదే కారణం" చేశాను. ఇద్దరిదీ ఒకే తొందర. ఆ తొందరకి రెండు రకాల మనుషులు బలవుతారు. ఒకరు నొప్పి ఉన్నా మనసులోదేనని ఇంటికి పంపేయబడ్డవాళ్లు, ఇంకొకరు అక్కర్లేని యాంటీబయాటిక్స్ మింగుతున్న పిల్లలు.

నా కడుపులో ఏముండేదో నాకు తెలీదు. కొన్నాళ్లకి దానంతటదే తగ్గింది. డోబెల్ 1949లో పోయాడు, తన అనుమానం ఎక్కడిదాకా వచ్చిందో చూడకుండానే. ఆ 1940 వ్యాసం శీర్షిక చివర ఆయన మూడు మాటలు విడివిడిగా పెట్టుకున్నాడు: పరిశీలనలు, ప్రయోగాలు, ఊహలు. ఏది చూశాడో, ఏది చేశాడో, ఏది అనుకున్నాడో కలిపేయలేదు. నా రిపోర్టు మీద కూడా ఎవరైనా అలా రాసిచ్చి ఉంటే, నొప్పి తగ్గకపోయినా కోపం తగ్గేదేమో.