ముప్ఫై రెండు డిగ్రీల లెక్క

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏప్రిల్ 14న అంబేద్కర్ విగ్రహాల దగ్గర జరిగే సభల్లో ఆయన చదువు గురించి ఎన్నో మాటలు వింటుంటాను. ముప్ఫై రెండు డిగ్రీలని ఒకరంటారు. జాన్ డ్యూయీ దగ్గర అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారని మరొకరంటారు. సరిచూద్దామంటే, ఆయన్ని తగ్గించడానికా అన్న అనుమానం ఎదురవుతుంది. అది అకారణమేమీ కాదు. దళితుల చదువును శంకించే సమాజంలో నాలుగు డిగ్రీలు ఎక్కువే చెప్పాలనిపిస్తుంది.

కానీ ఉన్న లెక్కే పెద్దది. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి 1915లో ఎం.ఏ. పూర్తి చేశారు. అక్కడ అర్థశాస్త్రంలో ఆయన గురువు ఎడ్విన్ సెలిగ్‌మన్. డ్యూయీ తత్వశాస్త్ర ఆచార్యుడు. ఆయన పాఠాల ప్రభావం అంబేద్కర్ మీద చివరిదాకా ఉంది. పీహెచ్‌డీ గ్రంథం సెలిగ్‌మన్ ముందుమాటతో 1925లో అచ్చయింది, పట్టా 1927లో వచ్చింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో 1921లో ఎం.ఎస్సీ., 1923లో డి.ఎస్సీ. రూపాయి సమస్య మీద రాసిన గ్రంథానికి అక్కడి ఆచార్యుడు ఎడ్విన్ కానన్ ముందుమాట రాస్తూ, తన అసమ్మతిని కూడా అందులోనే చెప్పారు. ఉస్మానియా 1953లో ఇచ్చింది గౌరవ డాక్టరేటు. దాన్ని చదివి తెచ్చుకున్న పట్టాల్లో కలపలేం.

ఈ వరసలో స్త్రీలుగా మనకు కావలసిన పేరొకటి జారిపోతోంది: అలెగ్జాండర్ గోల్డెన్‌వైజర్. ఆయన నడిపిన మానవశాస్త్ర సెమినార్‌లో 1916 మే 9న పాతికేళ్ల అంబేద్కర్ భారతదేశంలోని కులాల మీద పత్రం చదివారు. కులం లోపలి పెళ్లే కులానికి ప్రాణమనీ, భర్త పోయిన స్త్రీ ఆ ఏర్పాటులో 'మిగులు' అవుతుందనీ, సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం ఈ లెక్క సరిచేయడానికి పుట్టిన పద్ధతులనీ వాదించారు. 'మిగులు' అన్న మాటలో నాకు ఆయన అర్థశాస్త్రం కనిపిస్తుంది. కులం నిలబడాలంటే ఆడవాళ్ల మీద కాపలా ఉండాలని ఇంత సూటిగా చెప్పిన పత్రం, మన సభల్లో డిగ్రీల అంకె కింద మరుగున పడింది.

ఆ చదువుల కాలంలో బొంబాయిలో సంసారం ఈదిన రామాబాయి పేరు కూడా అంతే. పాకిస్థాన్ మీద రాసిన పుస్తకాన్ని అంబేద్కర్ ఆమె స్మృతికే అంకితమిచ్చారు.

2018లో ఇదే నల్గొండ జిల్లా మిర్యాలగూడలో, కులం దాటి పెళ్లి చేసుకున్నందుకు ఒక దళిత యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. ఆ హత్య వెనకున్న కాపలా ఏమిటో 1916 నాటి పత్రంలో ఉంది. జయంతి సభల్లో మన పిల్లలకు ముందు దాన్ని చదివి వినిపించాలి.