వంటింటి వాకిలి

1938 మార్చిలో నాజీ జర్మనీ ఆస్ట్రియాను కబళించిన పిమ్మట వియన్నా యూదులకు జన్మభూమియే చెరసాల యయ్యెను. దేశాంతరము పోదమన్న ప్రవేశానుమతి దుర్లభము. బ్రిటనులో మాత్రము ఇండ్లలో పనివారి కొరత యుండెను. ఆ కొరతయే జర్మనీ, ఆస్ట్రియా మున్నగు దేశముల నుండి దాదాపు 20,000 మంది స్త్రీలకు ప్రాణదానము చేసెను. ఇంట దాసీలనుంచుకొన్న గృహిణులు, చదువుకొన్న యువతులు దాసీపనికై లండను పత్రికలలో ప్రకటనలు వేయించిరి. పరాయి యిండ్ల పొయ్యిలు రాజేయుచు, మెట్లు తుడుచుచు, తీరిక దొరికినపుడు తల్లిదండ్రులకై హామీదారులను వెదకిరి. 1939 సెప్టెంబరులో యుద్ధము వచ్చి ఆ దారి మూసివేసెను. 1940లో కొందరిని శత్రుదేశీయులని మాన్ ద్వీపమున నిర్బంధించిరి. ఆ అనుమతి పనిచేయు చేతులకే గాని ప్రాణభీతికి ఇచ్చినది కాదు. కనుకనే కూతుండ్రు బ్రతికిరి. వెనుక చిక్కిన తల్లిదండ్రులు పెక్కురు నాజీల చేత హతులైరి.