నూరు సీసీకీ మూడు వందల యాభైకీ మధ్య

బండి కొంటున్నానని చెప్పగానే మన దగ్గర రెండే ప్రశ్నలు వస్తాయి: ఎన్ని సీసీ, లీటరుకు ఎంతొస్తుంది. మొదటిది పెంచితే రెండోది తగ్గుతుందని అడిగేవాడికీ తెలుసు. అయితే ఆ సీసీ అంకెను కొనేవాడు ఒక్కడే ఎంచుకున్న కాలం మన దేశంలో ఎప్పుడూ లేదు. ఆ అంకె మీద సర్కారు చెయ్యి మొదటినుంచీ ఉంది.

మద్రాసులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలవడానికి కారణం సైన్యం ఇచ్చిన ఆర్డరే. సరిహద్దు గస్తీకి తీసుకున్న 346 సీసీ బుల్లెట్ తర్వాత పోలీసులకూ, ఊళ్లో నాలుగెకరాలున్న ఆసాములకూ చేరింది. మైసూరులో జావా 250 సీసీది. అప్పటి 'చిన్న బండి' రాజ్‌దూత్‌కే 175 సీసీ. పాల క్యాన్లు రెండు పక్కలా వేలాడదీసుకుని మట్టిరోడ్ల మీద తిరిగింది అదే. ఆఫీసు గుమాస్తా మాత్రం స్కూటరు కోసం ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండేవాడు.

బుల్లెట్ స్టార్ట్ చేయడం పెద్ద తతంగం. ఆమీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కరు మెల్లగా తొక్కాలి. డీకంప్రెషన్ లివర్ నొక్కి ఇంకాస్త దించాలి. లివర్ వదిలి, కిక్కరును పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి ఒక్క తన్ను. లెక్క తప్పితే అదే ఎదురుతన్నేది, పిక్క వాచేది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. తొమ్మిదింటికి ఆఫీసులో ఉండాల్సినవాడికి ఇది కుదిరే పని కాదు.

1980ల మొదట్లో కేంద్రం విదేశీ కంపెనీలతో కలిసి ద్విచక్ర వాహనాలు తయారుచేసుకోనిచ్చింది, 100 సీసీ దాటకూడదన్న షరతుతో. అందుకే జపాన్ నుంచి వచ్చిన నాలుగు బళ్లూ ఒకే కొలతలో దిగాయి: 1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100, మరుసటేడు కవాసకి బజాజ్. కొలత ఒకటే అయినా గుణాలు వేరు. ఆర్ఎక్స్ టూ స్ట్రోక్, ఇంజను తిరిగిన ప్రతిసారీ మండుతుంది. 98 సీసీలోనే 11 హార్స్‌పవర్ ఇచ్చేది, పెట్రోలూ టూటీ ఆయిలూ అలాగే తాగేది. సీడీ ఫోర్ స్ట్రోక్, రెండు తిరుగుళ్లకోసారి మండుతుంది. బలం తక్కువే గాని ట్యాంకు నింపితే రోజుల తరబడి బంకు మొహం చూడక్కర్లేదు. కుర్రకారు మనసు ఆర్ఎక్స్ మీద, ఇంటి లెక్కల పుస్తకం సీడీ వైపు. 1994లో వచ్చిన స్ప్లెండర్ సీడీ వాడిన 97.2 సీసీ ఇంజనుతోనే లెక్కల పుస్తకాన్ని గెలిపించింది. అంతకుముందు 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350 సత్తాలో అన్నిటికంటే మిన్న. మైలేజీ దగ్గర చతికిలపడి ఆ దశాబ్దం చివరికల్లా కనుమరుగైంది. ఇప్పుడు దాని పాత బళ్లను ఏరుకుని మరీ కొంటున్నారు, అది వేరే సంగతి.

నడిమి మెట్టు ఆలస్యంగా వచ్చింది: 1999లో సీబీజెడ్, 2001లో పల్సర్. రోజూ తిరగడానికి ఓర్చుకోగలిగిన ఖర్చులో కాస్త దూకుడు దొరకడం అప్పుడే మొదలు. 2009లో క్లాసిక్ 350 వచ్చి పాత బుల్లెట్ రూపాన్ని సెల్ఫ్ స్టార్టర్‌తో అమ్మింది. పిక్క వాపు భయం తీరింది.

సర్కారు గీతలు మాత్రం తీరలేదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటితే ఏబీఎస్ తప్పనిసరి అయింది, 125 లోపు వాటికి కాంబీ బ్రేకు చాలన్నారు. ధర పెరగకుండా ఆ గీత కిందే ఉండటం కంపెనీలకు లాభం. 2017 జీఎస్టీ మరో గీతను 350 దగ్గర గీసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది గోడే అయింది. 350 వరకు 18 శాతం, దాటితే 40 శాతం. ఇవాళ్టి క్లాసిక్ ఇంజను 349 సీసీ. ఒక్క సీసీ తేడాతో గోడకు ఇవతలే ఆగింది.

నా మటుకు, సిటీలో రోజుకు ఇరవై కిలోమీటర్లు తిరిగేవాడికి 125 దాటనక్కర్లేదు. క్లాసిక్ 195 కిలోలు, స్ప్లెండర్ 112. ఈ తేడా హైవే మీద తెలియదు. మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర క్లచ్చు పట్టుకున్న ఎడమచేతికీ, పార్కింగులో బండి వెనక్కి లాగే నడుముకీ తెలుస్తుంది. ఎరిగిన ఇళ్లు కొన్నింటిలో కొడుకు 350 గుడ్డ కప్పుకుని వాకిట్లో ఉంటుంది. పాల పాకెట్టుకు అతగాడు పట్టుకెళ్లేది నాన్న స్ప్లెండర్ తాళమే.