భామాకలాప పునరుద్ధరణ – మాధవి హాస్యం

సిద్ధేంద్రయోగి పేరిట ప్రసిద్ధమైన భామాకలాపాన్ని శృంగార ప్రబంధంగా పరిగణించడం పరిపాటి. ప్రదర్శనలో మాత్రం దాని ప్రాణం హాస్యం. సత్యభామకు చెలికత్తె మాధవిగా, కృష్ణునికి చెలికాడు మాధవుడిగా ఒకే నటుడు నిలుస్తాడు. భర్త పేరు పలకడానికి సిగ్గుపడే సత్యను గుచ్చి గుచ్చి అడగడం, రాయబారానికి ప్రతిఫలంగా ముక్కెర కోరడం ఆ పాత్ర పని. ఈ సంవాదంలో ఆశువుకు చోటు ఎక్కువ. రాత్రి పొడవునా సాగే వీధి ప్రదర్శనకు అది అనువైనది.

20వ శతాబ్దంలో కలాపం భిన్న మార్గాల్లో నడిచింది. వేదాంతం సత్యనారాయణశర్మ స్త్రీవేషంతో కూచిపూడి పురుష సంప్రదాయానికి దేశవ్యాప్త గౌరవం లభించింది. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన వెంపటి చినసత్యం ఆ విద్యను ఆధునిక రంగస్థలానికి మలచి స్త్రీలకూ నేర్పారు. గోదావరి ప్రాంతపు కలావంతుల కలాపానికి మాత్రం 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం తరువాత వేదిక కరవైంది. ఆ కళాకారిణుల విద్యను నటరాజ రామకృష్ణ ఆంధ్రనాట్యం పేరిట తిరిగి వెలుగులోకి తెచ్చారు.

ప్రదర్శన కాలాన్ని కుదించినప్పుడు దరువులు నిలుస్తాయి, వచన సంవాదం తరుగుతుంది. కానీ సత్య గర్వభంగానికి రంగం సిద్ధమయ్యేది ఆ సంవాదపు నవ్వులోనే. అది లోపిస్తే కలాపం కేవలం విరహ నృత్యంగా మిగులుతుంది. కనుక పునరుద్ధరణ సాహిత్య పాఠానికే పరిమితం కారాదు. మాధవి వాక్చాతుర్యాన్నీ, దానిని నిలిపిన కలావంతుల స్మృతినీ కలుపుకొన్నప్పుడే అది సమగ్రమవుతుంది.