అవ్వ పళ్ళు చెప్పిన చరిత్ర

మా బత్తలపల్లె అవ్వకు తన వయసెంతో తెలీదు. "సొరాజ్జెం వచ్చిన ఏడు నా పెండ్లాయ పాపా, లెక్కేసుకో" అనేది. 1947 నుంచి లెక్కేస్తే, పోయేనాటికి తొంభై దాటినట్టే. వయసు చెప్పలేని అవ్వకు పళ్ళు మాత్రం చరిత్ర చెప్పేవి. నవ్వకండి, నిజమే!

వక్కాకు ఎరుపు కడిగేస్తే అవ్వ పళ్ళు తెల్లగా వుండేవి. నా పళ్ళ మీదేమో గోధుమరంగు చారలు. ఫోటో అనగానే పెదవులు బిగించే అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. "మబ్బుతోనే లేసి పుల్ల నమిల్తే గదా!" అని అవ్వ తిట్టేది. పుల్ల సంగతికి వస్తే సుశ్రుతుడు కూడా అవ్వ పక్షమే. పన్నెండంగుళాల పుల్ల వాడమన్నాడు. చేదులో వేప, కారంలో కానుగ శ్రేష్ఠమన్నాడు. ఆ రెండూ మా సీమలో వున్న చెట్లే. కానీ నా చారలు పుల్లతో పోయేవి కావు. తప్పు నాది కాదు, నీళ్ళది.

అవ్వ చిన్నప్పుడు తాగింది చేదబావి నీళ్ళు. నా చిన్నతనానికి బోరింగులొచ్చాయి. వానల్లేని మా జిల్లాలో లోతు బోర్ల నీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. ఈ జబ్బును మన దేశంలో తొలిసారి గుర్తించింది కూడా తెలుగునేల మీదే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. పళ్ళు చిగుళ్ళలో రూపు దిద్దుకునే పసితనంలో తాగిన నీళ్ళే ఆ మచ్చ వేస్తాయి. అంటే ముసలివాళ్ళ నోరు చూసి వాళ్ళ చిన్ననాటి బావిని పోల్చుకోవచ్చన్నమాట!

మరి తెల్లపళ్ళ అవ్వ సుఖపడిందా? లేదు. మచ్చ వేరు, పన్ను వూడటం వేరు. చిగుళ్ళ జబ్బుతో, ఎనభై దాటేసరికి ఒక్కొక్కటే కదిలి రాలిపోయాయి. మేమేమన్నాం? "ఈ వయసులో పళ్ళెందుకులే, సంగటి వుందిగా!" అన్నాం. రాగి సంగటిని నమిలే పని లేదు, ఊరుబిండి అద్దుకుని మింగడమే. ఆ సంగటే అసలు సంగతిని దాచేసింది. అవ్వ చెనిక్కాయలు మానేసింది. జొన్నరొట్టె మానేసింది. ఆకుకూర పక్కకు నెట్టేసింది. రవికె వదులైతే వయసన్నాం.

ఒక చలికాలం న్యుమోనియా వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి మాట: "అవ్వ నోరు రోజూ ఎవరు కడుగుతున్నారు?" ఇంటినిండా ఆడవాళ్ళం వున్నాం, ఒక్కరం జవాబు చెప్పలేకపోయాం. పళ్ళు లేని నోటికి కడగడమెందుకనుకున్నాం మరి. నోట్లోని క్రిములు నిద్రలో ఊపిరితిత్తుల్లోకి జారతాయని ఆవిడే చెప్పింది.

తర్వాత చదివాను. జపానులో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్ళు పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించారు. అలవాటు ప్రకారం వదిలేసినవాళ్ళలో నూటికి 19 మందికి న్యుమోనియా వస్తే, సిబ్బంది నోరు శుభ్రం చేసినవాళ్ళలో 11 మందికే వచ్చిందట. 80 ఏళ్ళకు 20 పళ్ళు నిలపాలని అక్కడ 1989లోనే ఉద్యమం మొదలుపెట్టారు. 2016 నాటికి ఎనభై ఏళ్ళవాళ్ళలో సగంమందికి పైగా ఆ లెక్క అందుకున్నారు. పళ్ళుంటేనే ఆయుష్షని కాదు నేననేది. తిండి, డబ్బు, వైద్యం అన్నీ అందులో కలిసి వుంటాయి. కానీ నమలగలిగినవాళ్ళు నాలుగు రకాలూ తింటారన్నది మా ఇంట్లోనే చూశాను.

అవ్వ కోలుకుంది. పళ్ళసెట్టు కట్టించాం. రాత్రి దాన్ని తీసి కడిగి నీళ్ళలో వేయడం, తడిగుడ్డతో చిగుళ్ళు తుడవడం నా వంతు. మొదటిసారి నాలుగు చెనిక్కాయ గింజలు నమిలి, "దీని రుచే మరిచిపోతిని గదే!" అంది. ఆ తర్వాత రెండేళ్ళే బతికింది. అంతకు ముందరి ఏళ్ళు మేమే పోగొట్టామని ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు మా అమ్మకు డెబ్భై దాటాయి. నెలకోసారి నోరు తెరవమంటాను. "పసిపిల్లనా?" అని కసురుకుంటుంది. కసురుకోనివ్వండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళనూ ఒకసారి నోరు తెరవమనండి.