గీసేవారొకరు, నేసేవారొకరు



ప్రొద్దుటూరులో మా పక్కింటి అమ్మాయి ఇంటరు పాసయింది. పులివెందులలో ఎలక్ట్రానిక్సు చదివి, కంప్యూటరు చిప్పులు డిజైను చేస్తానంది. "చిప్పుల ఫ్యాక్టరీ మన జిల్లాలోనే లేదు, ఆ చదువెందుకే?" అని వాళ్ళ జేజి అడ్డుపడింది. ఆమె ప్రశ్నలో తప్పేమీ లేదు. దానికి జవాబు చరిత్రలో ఉంది.

చిప్పంటే గోరంత సిలికాను పలక మీద కోట్లాది స్విచ్చులు. ఆ సిలికాను మన పెన్న ఇసుకలోనూ ఉంది. ఫ్యాక్టరీల వాళ్ళు పలుగురాయి నుంచి తీస్తారు. వెయ్యికి 916 పాళ్ళు బంగారముంటే నగ మంచిదంటాం కదా! చిప్పు సిలికానులో వంద కోట్ల పాళ్ళకు ఒక పాలు మలినమున్నా ఎక్కువే. లోపలి పలకను బయటి కాళ్ళకు కలిపే తీగ చాలాకాలం బంగారందే. కమ్మచ్చున లాగిన తీగ కూడా దాని ముందు మోటే!

1958లో అమెరికాలో జాక్ కిల్బీ మొదటి చిప్పు చేసి చూపాడు. 1971 నాటి ఇంటెల్ 4004లో స్విచ్చులు 2,300. అప్పట్లో చాలావరకు తయారుచేసే కంపెనీ వాళ్ళే డిజైనూ చేసుకునేవారు. ఆ పద్ధతిని మార్చిన వారిలో లిన్ కాన్వే అనే మహిళ ఒకరు. కార్వర్ మీడ్‌తో కలిసి సులువైన నియమాలు కూర్చి, 1978లో ఎం.ఐ.టి.లో పాఠం చెప్పింది. మరుసటి ఏడు పలు యూనివర్సిటీల విద్యార్థులు గీసిన డిజైన్లను ఒక్కచోట చేర్చి చిప్పులు చేయించింది. 1987లో తైవానులో టి.ఎస్.ఎం.సి. ఇతరుల డిజైన్లను తయారుచేసి ఇచ్చే ఫ్యాక్టరీగానే మొదలైంది. జమ్మలమడుగు మగ్గాల సంగతి తలచుకోండి. అంచు డిజైను గీసేవారొకరు, నేసేవారొకరు అయితే చీర రాకుండా పోతుందా?

మన దేశంలో మొహాలీ ఫ్యాక్టరీ 1984లో ఉత్పత్తి మొదలుపెట్టి, 1989లో అగ్నికి ఆహుతయింది. అయినా హైదరాబాదు, బెంగుళూరు ఆఫీసుల్లో డిజైను పని పెరుగుతూనే వచ్చింది.

మరి నేర్చుకోవడం ఎక్కడ మొదలు? ఇంట్లోనే. మెయిను స్విచ్చి, గది స్విచ్చి రెండూ వేస్తేనే బల్బు వెలుగుతుంది. అదే మొదటి పాఠం! ఆ తరువాత 1973లో బర్క్‌లీలో పుట్టిన స్పైస్ వంటి ప్రోగ్రాములున్నాయి. ఇవాళ అవి ఉచితంగానే దొరుకుతాయి. సర్క్యూటు పనిచేస్తుందో లేదో కంప్యూటరు మీదే చూసుకోవచ్చు. పొరలు పొరలుగా డిజైను గీయడం ఆ పైమెట్టు. పులివెందులలో జె.ఎన్.టి.యు. కాలేజీ 2006లో, దాపునే ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ 2008లో వచ్చాయి.

జేజి ముందు స్విచ్చులు వేసి చూపించాను. "ఇంతేనా!" అంది కాని, పూర్తిగా ఒప్పుకోలేదు. మళ్ళీ వెళతాను. మీరు మాత్రం ఫ్యాక్టరీ ఊళ్ళో లేదని మీ అమ్మాయి చదువు ఆపకండి.

సెలవు.